ఫోటో మూత

మీ వీధిలో దీపం వెలగడం లేదని ఫోన్లో ఫిర్యాదు పెడతారు. మూడో రోజుకల్లా "మీ సమస్య పరిష్కరించబడింది" అని జవాబు వస్తుంది, కింద ఒక ఫోటో కూడా ఉంటుంది. మీరు కిటికీలోంచి చూస్తే దీపం వెలగదు. ఒళ్ళు మండి, ఆ జవాబు రాసినవాడెవడో గానీ వాణ్ణి నాలుగు తిట్లు తిట్టుకుంటారు. ఆ రాసేవాళ్ళలో నేనొకణ్ణి. సౌదీలో, హుఫూఫ్ ఊళ్ళో, చాలా ఏళ్ళు అదే నా ఉద్యోగం. మీ తిట్లన్నీ నాకు చేరాయని అనుకోండి.

ఇప్పుడు రిటైరై కడప దగ్గర మా ఇంట్లో ఉన్నాను. ఒక్కచోట స్థిమితంగా కూర్చోననీ, కూర్చున్నా కాళ్ళు ఊపుతూనే ఉంటాననీ మా ఇంటావిడ గోల. ఈ జబ్బు నాకు ఎక్కడ అంటుకుందో ఆమెకు చెప్పలేదు. పాలన అంతా ఇక తెరమీద కనబడుతుంది, ఎవడూ ఏదీ దాచలేడు అని సంబరపడే వయసు మీది కాబట్టి మీకు చెబుతున్నాను. చెప్పాక కాళ్ళు ఆగుతాయేమో చూడాలి.

అక్కడ ఊరి పురపాలక కార్యాలయాన్ని బలదియా అంటారు. వాళ్ళు ఒక యాప్ పెట్టారు. సౌదీవాడైతే తన గుర్తింపు కార్డు నంబరుతో, పొట్టకూటికి వచ్చిన మనలాంటివాడైతే ఇకామా అనే నివాస కార్డు నంబరుతో అందులోకి వెళ్ళి గుంతో, చెత్తో, పగిలిన పైపో ఫోటో తీసి పెట్టవచ్చు. ఒక పేటలో ఆ మరమ్మతులన్నీ చేసే కాంట్రాక్టు మా కంపెనీది. ఫిర్యాదు మా ఆఫీసులో తెరమీదికి వస్తుంది. పెట్టినవాడి పేరు మాకు కనబడదు. నేను దాన్ని పని బండికి పంపిస్తాను. బండివాళ్ళు పని చేసి ఫోటో తీసి నా ఫోనుకు పంపుతారు. ఆ ఫోటో అతికించి నేను ఫిర్యాదు మూసేస్తాను. అప్పుడు యాప్ ఫిర్యాదు పెట్టినవాణ్ణి అడుగుతుంది, "తృప్తిగా ఉందా?" అని. అతను ఔనని ఒత్తితే తెరమీద ఆ గీత ఆకుపచ్చగా మారుతుంది. కాదంటే ఫిర్యాదు మళ్ళీ తెరుచుకుంటుంది. గడువు దాటితే ఎర్రబడుతుంది. ఏమీ ఒత్తకపోతే పసుపు రంగులో అలాగే ఉండిపోతుంది.

ఆ తెర గోడంత ఉండేది. ఎదురుగా నా కుర్చీ. పొద్దస్తమానం ఆ రంగులే చూస్తూ ఉంటే మనిషికి వేరే లోకం ఉండదు. ఒక్క ఎర్ర గీత ఉన్నా నాకు అన్నం సయించేది కాదు. ఆ గీత వెనక ఒక వీధి ఉంటుందనీ, అందులో మనుషులు నడుస్తారనీ నాకు తట్టేది కాదు. ఇన్నేళ్ళలో నేను మూసిన ఫిర్యాదుల్లో ఒక్కదాని దగ్గరికీ స్వయంగా వెళ్ళి చూడలేదు. చూడమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఇంజనీరు గోదావరి జిల్లావాడు. మంచివాడు. ఈ ముక్క ముందే చెబుతున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు. నాకు జ్వరమొస్తే తన కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళి, మందు చీటీ చేతికొచ్చేదాకా పక్కనే నిలబడ్డ మనిషి. నన్ను "భాయ్ గారూ" అని పిలిచేవాడు. కాంట్రాక్టు మళ్ళీ వస్తుందో రాదోనన్న భయం మాత్రం అతన్ని లోపల్నుంచి తినేసేది.

ఒక ఏడాది మ్యాన్‌హోళ్ళకు వేసే ఇనుప మూతలు స్టోర్లో అయిపోయాయి. రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అంటున్నారు తప్ప రావడం లేదు. మూతల ఫిర్యాదులు ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడుతున్నాయి. ఇంజనీరు తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నోరు తెరిచింది నేనే. "సార్, స్టోర్లో ఒక్క మూత ఉంది కదా. దాన్నే గుంత మీద పెట్టి ఫోటో తీసి పంపమందాం. సరుకు రాగానే అన్నీ ఒకేసారి వేసేద్దాం" అన్నాను. ఆయన నా వైపు దేవుణ్ణి చూసినట్టు చూశాడు.

అలా మొదలైంది. ఒకే మూత బండిలో పేటంతా తిరిగేది. గుంత దగ్గర దించడం, పైన పెట్టడం, ఫోటో తీయడం, మళ్ళీ బండెక్కించడం. బండి నడిపే పాకిస్తాన్ డ్రైవర్ దానికి "ఫోటోవాలా ఢక్కన్" అని పేరు పెట్టాడు. మేము ఫోటో మూత అనేవాళ్ళం. గుంత చుట్టూ పెట్టాల్సిన ప్లాస్టిక్ కోన్లు కూడా తీసేయించాం, అవి అక్కడుంటే పని కాలేదని దారిన పోయేవాడికి తెలిసిపోతుందని. ఈ కోన్ల సంగతి ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. అప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. ఫోటో చూసి కొందరు ఔనని ఒత్తారు, మిగతావాళ్ళు ఊరుకున్నారు. తెరమీద ఎరుపు పోయింది, నేను కడుపునిండా తిన్నాను.

ఒక ఫిర్యాదు మాత్రం లొంగలేదు. ఖర్జూరపు తోటల పక్కన ఒక ఇరుకు సందు, గోడ వారగా మురుగుగుంత, మూత లేదు. మూసేశాను. తృప్తి లేదని తెరుచుకుంది. మళ్ళీ మూసేశాను. మళ్ళీ తెరుచుకుంది. మూడోసారి తెరుచుకున్నప్పుడు, పెట్టినవాడి దగ్గర్నుంచి కొత్త ఫోటో వచ్చింది. గుంతలో ఖర్జూరపు మట్ట నిలువుగా నాటి ఉంది. మట్ట కొసకు ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.

నాకు పట్టరాని నవ్వొచ్చింది. మా ఊళ్ళో పాడుబడ్డ బావి దగ్గరో, రోడ్డు మీద గుంతలోనో కొమ్మ విరిచి పాతి ఎర్రగుడ్డ కట్టడం చిన్నప్పటి నుంచి చూసిందే. ఆ ఎడారి ఊళ్ళో, సౌదీ తోట గోడ పక్కన అది కనబడేసరికి ఇంటి మనిషి ఎదురైనట్టయింది. "సార్, ఇట్రాండి, చూడండి! ఇది మనోడి పనే! ఏ అరబ్బుకు తెలుసు ఈ ఎర్రగుడ్డ?" అని కేకేశాను.

ఇంజనీరు వచ్చి చూశాడు. ఆయనకు నవ్వు రాలేదు.

"మనోడంటే ఎవరండీ?" అన్నాడు.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ తోటల వైపు మనవాళ్ళెవరూ కాపురం ఉండరు, అటు వెళ్ళేది మా బండి ఒక్కటే. అందులో డ్రైవరు, ఇద్దరు బంగ్లాదేశీలు, ఒకే ఒక్క తెలుగువాడు.

"ఆ బండిలో తెలుగాయన ఒక్కడే కదండీ, భాయ్ గారూ" అని ఆయనే జవాబు చెప్పుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. యాప్ అంత కట్టుదిట్టంగా దాచిన పేరును నేను ఒక్క కేకతో బయటపెట్టాను. అక్కడి నుంచి నా కాళ్ళు ఊగడం మొదలైంది.

ఆ సాయంత్రం ఆఫీసు బస్సు దిగి మా గదికి పోకుండా నేరుగా కూలీల క్యాంపుకు వెళ్ళాను. ఆ తెలుగాయన జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. వంట వంతు అతనిదేమో, గుమ్మం దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మెడలో ఎర్ర తువ్వాలు, ఒక అంచు చిరిగి ఉంది. ఇక అడగాల్సింది ఏముంది గనక. అయినా అడిగాను.

"ఏం నాయనా, గుంతలో మట్ట నాటింది నువ్వేనా?"

"నేనే సాబ్."

"యాప్‌లో ఫోటో పెట్టింది?"

"అది గూడ నేనే. ఏమాయె, మంచిగ రాలేదా?"

అతను బుకాయిస్తాడనీ, నేను సరేనని సర్దేయవచ్చనీ దారంతా అనుకుంటూ వచ్చాను. "పని పోతాది నాయనా. నీకెందుకొచ్చిన తంటా ఇది?" అన్నాను.

"సాబ్, మూత పెట్టేది నేనే, లేవట్టేది నేనే. పెట్టినప్పుడు డ్రైవర్ ఫోటో తీస్తడు. లేవట్టినప్పుడు ఎవ్వలు తీస్తలేరు. గందుకే నేను తీసిన."

అతనే మళ్ళీ అందుకున్నాడు. "ఆ తోటల ఒక ముసలాయన ఉంటడు సాబ్. ఎండల పోతే పిలిచి నీళ్ళిస్తడు, ఖర్జూరాలు పెడ్తడు. కండ్లు సరిగ కనవడయ్. గోడ పట్టుకొని మసీదుకు పోతడు. గా గోడ ఎంబడే ఉన్నది గుంత. పొద్దుగాల నేను మూత లేవట్టి బండిల వేస్తుంటే గాయన నా దిక్కే వస్తున్నడు సాబ్."

కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిగడ్డల వల్లే.

"మా ఊర్ల ఉపాధి పనులకు సామాజిక తనిఖీ అయితది. గ్రామసభల ఊరందరి ముంగట కాయితం చదువుతరు. రెండు మాట్ల టేపు పట్టి కొలిచింది నేనే. ఆడ ఏం జేస్తరంటే, గుంత తవ్వినమని రాస్తరు, పోయి చూస్తె గుంత ఉండది. ఈడ ఉల్టా. గుంత ఉంటది, లేదని రాస్తరు. ఎవలు రాస్తున్నరో ఏమొ గాని సాబ్, శానా మంచిగ రాస్తున్నరు."

రాస్తున్నది నేనని అతనికి తెలుసో లేదో ఈనాటికీ నాకు తెలియదు. నేను మాత్రం చెప్పాల్సింది చెప్పేశాను. "నీ సంగతి ఇంజనీరుకు తెలిసిపోయింది. నా నోటివల్లనే. ఆ ఎర్రగుడ్డ చూసి నవ్వినాను" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. "ఎర్రగుడ్డ చూస్తె ఆగాలె గని, నవ్వుతరా సాబ్?" అన్నాడు.

వారం తిరగకుండానే ఇంజనీరు నన్ను గదిలోకి పిలిచాడు. "అతని మీద ఒక లెటర్ తయారు చేయండి భాయ్ గారూ. పనిచోట తప్పుడు ఫిర్యాదులు పెడుతున్నాడని రాయండి. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించేద్దాం. నాకూ బాధగానే ఉందండీ, కానీ ఏం చేయమంటారు? ఒక్కడి కోసం అందరి పనీ పోగొట్టుకుంటామా?" ఫైనల్ ఎగ్జిట్ అంటే ఇక దేశం విడిచి పోవడమే. సరేనన్నాను. కాదనే ధైర్యం నాకు లేదు. సీటుకొచ్చి ఒక వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్ళీ చేసి, నీళ్ళు తాగి, లేచి, కూర్చుని, ఆ పూటంతా అలాగే గడిపాను.

మర్నాడు బలదియా ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు. నెలకోసారి వచ్చి మా తెర ముందు కూర్చుని పనులు చూసేవాడు. ఆ తోట సందు ఫిర్యాదు అప్పటికి నాలుగోసారి తెరుచుకుని ఉంది. పొద్దున్నే బండివాళ్ళ దగ్గర్నుంచి ఫోటో వచ్చింది, గుంత మీద మూత నిగనిగలాడుతోంది. దాన్ని మోసుకెళ్ళి పెట్టిందీ, తిరిగి బండిలో వేసిందీ అతనే అయి ఉంటాడు. "ఆయనొచ్చేలోగా మూసేయండి భాయ్ గారూ" అని ఇంజనీరు రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

నా ముందు ఒకవైపు సగం రాసిన లెటరు, ఇంకోవైపు ఆ ఫిర్యాదు. మూసే చోట "పని పూర్తయింది" అన్న మాట కింద ఇంకో మాట కూడా ఉంటుంది, "సామగ్రి లేదు" అని. అన్నేళ్ళలో ఎవరూ దాన్ని వాడగా చూడలేదు. దాన్ని ఒత్తాను. ఒక్కదానితో చేతి దురద తీరలేదు. ఫోటో మూతతో మూసినవన్నీ ఒక్కొక్కటే తెరిచి, అన్నిటికీ అదే ఒత్తుకుంటూ పోయాను. ధైర్యం కాదది. పుండు గోక్కోవడం మొదలుపెట్టినవాడు మధ్యలో ఆపలేడు, అంతే. ఇంజనీరు, ఇన్‌స్పెక్టరు నవ్వుకుంటూ గదిలోకి వచ్చేసరికి అవన్నీ గడువు దాటినవి కాబట్టి తెరమీద ఒక పక్కంతా ఎర్రగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ సౌదీ కుర్రవాడు, నా కొడుకు వయసుంటుంది. ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్కటే తెరిపించి చూశాడు. మూత ఫోటోలు పక్కపక్కన పెట్టించాడు. అన్నిట్లోనూ అదే మూత, అంచున అదే విరిగిన చోటు. తోట సందు ఫోటో దగ్గర ఆగి, ఈ ఎర్రగుడ్డ ఏమిటని నన్ను అడిగాడు.

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. "మా దేశంలో ఇలా కడతారు. ఇక్కడ ప్రమాదం ఉంది, ఒకరు చూశారు, వెనకొచ్చేవాళ్ళు చూసుకోండి అని."

"ఎవరు కట్టారు?"

ఇంజనీరు నా వైపు చూశాడు. "మాకు పేరు కనబడదు సర్. మీ యాప్ చూపించదు" అన్నాను. ఇంజనీరుకు తెలిసిపోయిన పేరును ఇన్‌స్పెక్టరు దగ్గర దాచాను. ఆలస్యంగా వచ్చిన తెలివి అలాగే ఉంటుంది.

"మంచిది" అన్నాడు ఆ కుర్రవాడు. లేచి, ఇంజనీరును వెంటబెట్టుకుని ఆ సందు చూడ్డానికి వెళ్ళాడు. నన్ను రమ్మంటారేమోనని చెప్పులు వేసుకుని నిలబడ్డాను. ఎవరూ రమ్మనలేదు. మళ్ళీ కుర్చీలో కూర్చుని తెర చూస్తూ ఉండిపోయాను.

రేపూ ఎల్లుండీ అన్న మూతలు ఆ వారంలోనే దిగాయి. అన్ని గుంతలకూ సిమెంటుతో బిగించి వేశారు, ఫోటోలు వచ్చాయి, నేను మూశాను. కంపెనీకి గట్టి హెచ్చరిక అందింది, కాంట్రాక్టు మాత్రం నిలిచింది. ఇంజనీరు నాతో పోట్లాడలేదు. "ఒక్క మాట ముందు చెప్పాల్సిందండీ" అన్నాడు. "చెబితే ఆపేవారు కదా సార్" అన్నాను. "ఆపేవాణ్ణే" అని ఒప్పుకున్నాడు. లెటర్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ తెలుగాయన్ని మాత్రం మూతలు వేసే పనికి రానివ్వకుండా ఊరవతల పైపుల యార్డుకు మార్చేశాడు. అంతటితో పోయిందిలే అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

అన్నీ పచ్చబడ్డాయి, ఆ తోట సందుది తప్ప. అది పసుపుగానే ఉంది. తృప్తి ఉందనీ లేదనీ అతను ఏదీ ఒత్తలేదు. నెలలు గడిచినా ఆ ఒక్క గీత రోజూ నా కళ్ళెదుట అలాగే ఉండేది.

తర్వాత ఇకామాలు రెన్యువల్ చేయాల్సినవాళ్ళ జాబితా టైపు చేయమని నా దగ్గరికి వచ్చింది. రెండుసార్లు చదివి ఇంజనీరు గదికి వెళ్ళాను.

"సార్, ఇందులో ఒక పేరు తక్కువుంది."

"తక్కువ కాదండీ. తగ్గించాం" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది. కూతురి చదువు ఇంకా మధ్యలో ఉంది. తిరిగొచ్చి, కూర్చుని, ఆ జాబితాను ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. ఇన్‌స్పెక్టర్ ముందు తెర ఎర్రగా చేసిన సంగతి నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను గానీ, ఈ జాబితా టైపు చేసిన సంగతి ఇదిగో ఇప్పుడే చెప్పడం. నాకు సిగ్గుగా ఉంది.

అతను వెళ్ళే రోజు మధ్యాహ్నం క్యాంపుకు పోయాను. దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు పోయే వ్యాను నిలబడి ఉంది. అతను అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటుంటే అతనే అడిగాడు.

"సాబ్, ఆ సందుల మూత ఉన్నదా?"

"ఉంది నాయనా. ఎప్పుడో వేసినారు."

"ఫోటోల చూసినవా, కండ్లార చూసినవా?"

"ఫోటోలోనే" అన్నాను. అతను తాడు ముడి బిగించి, "నేను గూడ సూడలేదు సాబ్. యార్డుకు దోలిరి గదా. పెట్టిన మూత మళ్ళ లేవట్టిర్రేమో అని ఒత్తక ఊకున్న" అన్నాడు. అతను ఎక్కగానే వ్యాను కదిలింది.

రోడ్డు మీదికి పరుగెత్తి టాక్సీ ఆపాను. సందు మొగలో దిగి గోడ వెంబడి నడిచాను. ఎన్నిసార్లు ఫోటోలో చూశానో, అయినా గోడ అంత ఎత్తుందనీ, అవతల నీళ్ళు పారుతున్న చప్పుడు వినబడుతుందనీ నాకు తెలియదు. మూత ఉంది. చుట్టూ సిమెంటు గట్టిపడి ఉంది. దాని మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడి ఫోన్ చేశాను.

"ఉంది నాయనా. దాని మీదే నిలబడి ఉండా."

వ్యాను హోరులో అతని గొంతు చిన్నగా వినబడింది. "జర దుంకు సాబ్. కదులుతదా చూడు."

సందు చివర్నుంచి ఒక ముసలాయన ఎడంచేత్తో గోడ తడుముకుంటూ వస్తున్నాడు. పక్కకు జరిగి దారిచ్చాను. కర్రతో మూతను తట్టి, టంగుమనగానే దాని మీద అడుగేసి, నన్ను పట్టించుకోకుండా దాటిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగాను. అప్పుడు ఫోను కిందికి పట్టుకుని, అంత వయసులో, ఆ సందు నడిమధ్య, ఉన్న బలమంతా పెట్టి ఎగిరాను. రెండోసారి కూడా ఎగిరాను. మూత కదల్లేదు.

"ఇనవడ్డది సాబ్" అన్నాడు. "ఇగ ఒత్తుత."